రెండో దొరువు

14

మూడో రోజు కూడా పాలు విరిగిపోయాయి.

ఫ్లోరా పొయ్యి ఆపి, గిన్నెలో తేలుతున్న తరకల వంక చూస్తూ నిలబడింది. నిన్నటి పప్పు ఇంకా కుండలో పలుకు పలుకుగానే ఉంది. వసారాలో మామగారి కుర్చీ కిర్రుమంది. జడ్సన్‌కు డెబ్భై నాలుగేళ్ళు. చర్చి సంఘంలో పెద్ద. పొద్దుటి ప్రార్థన ముగించి కళ్ళద్దాలు తుడుచుకునేలోపు కాఫీ గ్లాసు చేతికి అందాలి ఆయనకు.

"కాఫీ లేదు మామా. పాలు విరిగినాయి."

"నీళ్ళు ఏ దొరువువి పోసినావు?"

"ఉండేది ఒకటే గదా మామా."

అబద్ధం నోట్లోంచి అంత నున్నగా జారిపోతుందని ఫ్లోరా అనుకోలేదు. తలుపు రెక్క పట్టుకుని అక్కడే ఆగింది. ముసలాయన కళ్ళద్దాలు పెట్టుకుని వాకిట్లోకి చూస్తూ కూర్చున్నాడు.

ఆ దొరువు ఆయన తవ్విందే. మైపాడు రోడ్డు దిగి సముద్రం వైపు నడిస్తే తగిలే ఇసుక చేలో, తన పాతికేళ్ళ వయసులో, భార్య రెబెక్కమ్మ మట్టి ఎత్తుతుంటే తాను పార పట్టి తవ్వాడు. రెండు నిలువుల లోతు, దిగడానికి ఏటవాలుగా దారి. అడుగున మోకాలి లోతు నీళ్ళు ఊరి నిలుస్తాయి. ఎన్ని బిందెలు ముంచినా పొద్దుగూకేసరికి మళ్ళీ అంతే మట్టానికి వస్తాయి. ఇంత ఉప్పు సముద్రం పక్కన అంత తియ్యటి నీళ్ళేమిటని కొత్త కోడలుగా నెల్లూరు నుంచి వచ్చినప్పుడు ఫ్లోరా ఆశ్చర్యపోతే, "పైన తేలేది వాననీళ్ళు, కింద ఉండేది సముద్రం. రెండిటికీ మధ్యన గోడేమీ లేదు తల్లీ, మన మర్యాదే ఉండాది," అన్నాడు మామగారు.

ఆ నీళ్ళు ఆదివారం నాడు ఉప్పెక్కాయి. సరుగుడు నారు మళ్ళలో ఆకుల కొసలు నిప్పు తగిలినట్టు ఎర్రబడిపోయాయి.

ఫ్లోరా భర్త సుశీల్ కుమార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని లోపలి గదిలోంచి వచ్చాడు. చేతిలో కాగితం. నిన్న సాయంత్రం ఇందుకూరుపేటలో జెరాక్స్ షాపు దగ్గర కొట్టించుకొచ్చిన అర్జీ.

"పదింటికి రెవెన్యూ ఆఫీసు నుంచి ఆర్.ఐ. వస్తానన్నాడు. నాయనా, ఈడ సంతకం పెట్టు."

"చదువు."

"నువ్వు చదవలేవా?"

"నీ నోటితో విందామని."

సుశీల్ కుమార్ గొంతు సవరించుకున్నాడు. "పై సర్వే నంబరును ఆనుకుని మాల్యాద్రి అనువారు రొయ్యల గుంటలు తవ్వి ఉప్పునీరు నిల్వ చేయుట వలన, సదరు నీరు ఊటగా దిగి, మా తాగునీటి దొరువు ఉప్పునీరుగా మారినది..."

"ఆయన గుంటలు తవ్వి ఎన్నేళ్ళయింది?"

"ఆరు."

"ఆరేళ్ళు దిగని ఊట ఇప్పుడు దిగిందా?"

"దిగతా దిగతా ఇప్పటికి వచ్చింది. ఉప్పుకు కేలండరు ఉంటుందా నాయనా?"

"గుంటల్లో ప్లాస్టిక్ పట్టా పరిచినాడు గదా."

"పట్టా చిరగదా?"

ముసలాయన చూపు కొడుకు భుజం మీదుగా చేనివైపు పోయి, అక్కడ నీలం రేకు కప్పిన మోటారు గది మీద కాసేపు ఆగి, తిరిగి వచ్చింది. ఆ ఇంట్లో రెండేళ్ళుగా మోటారు అన్న మాట ఎవరూ ఎత్తరు. బోరు వేసిన రోజున తండ్రీ కొడుకులు పలక్కుండా పోయి ఎనిమిది నెలలు అలాగే గడిపారు. మళ్ళీ మాటలు కలిసింది క్రిస్మస్ ఆరాధనలో, పాస్టరు గారు ఇద్దరి చేతులూ కలిపి పట్టుకున్నాక.

"చేను కాడ పెడతాలే సంతకం," అన్నాడు చివరికి. "ఆ మాల్యాద్రి ఎదురుగా పెడతా."

* * *

"మే ఫ్లోరమ్మా! ఈ పొద్దన్నా తియ్యబడిందా?"

దడి అవతల నాగులమ్మ. పాలెంలో ఉంటుంది. మొగుడూ కొడుకూ పడవ మీద వేటకు పోతారు. నడుమున ఒక ఖాళీ బిందె, చేతిలో ఇంకొకటి. పాలెంలో ముప్పై ఇళ్ళవాళ్ళు తాగేది ఈ దొరువు నీళ్ళే. పంచాయతీ కొళాయి ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు.

"లేదక్కా."

"అట్టనా." నాగులమ్మ బిందె దించి దడి మీద మోచేతులు ఆనించింది. "కోడలు బాలింత గదా. ఆటోలో వచ్చే క్యాన్ నీళ్ళు తెస్తే పసిదాని స్నానానికీ గుడ్డలకే చాల్లేదు. నిన్న ఆ ఉప్పు నీళ్ళే పోస్తే పిల్ల ఒళ్ళంతా ఎర్రగా పొక్కింది." పొట్లం కట్టిన బాదం ఆకు దడి మీద నుంచి అందించింది. "ఇంద, కానాగంతలు. చిన్నవే పడినాయి."

ఫ్లోరా చెయ్యి చాచలేదు.

"ఏందిమే?"

"నీళ్ళు ఇయ్యలేకపోతిని గదక్కా. చేపలు ఎట్టా తీసుకునేది?"

"చాల్లే! నీళ్ళకు చేపలని ఎవురన్నా రాసుకున్నామా? పట్టు."

పదిహేనేళ్ళ కిందట బిందె ఎత్తడం చేతకాక దొరువు దారిలో జారిపడి ఏడుస్తున్న కొత్త కోడలికి, కాలు అడ్డంగా వేసి దిగమనీ, బరువు నడుము మీదికి కాదు తుంటి మీదికి తీసుకోమనీ నేర్పింది ఈ నాగులమ్మే. ఆ పొట్లం చేతికి తగిలితే ఫ్లోరాకు కాలినట్టయింది.

"మీ ఆయన చెప్పినాడు, పదింటికి సాక్ష్యానికి రమ్మని," అంది నాగులమ్మ. "వస్తా. నాకేం భయం? కాలవలోకి గుంటల నీళ్ళు వదిలి పీతలన్నీ చంపిన మనిషి, ఇప్పుడు తాగే నీళ్ళు కూడా చంపినాడు. వేలిముద్ర కాదు, సంతకమే పెడతా."

ఖాళీ బిందెల్తో ఆమె వెనక్కి నడిచిపోతుంటే ఫ్లోరా పిలవబోయి దడి పట్టుకుంది. అక్కడే నిలిచిపోయింది.

మొన్న మధ్యాహ్నం ఫ్లోరా చేను చివరిదాకా పోయింది. ఎందుకు పోయిందో ఆమెకే తెలియదు, కాలు నిలవక పోయింది. అక్కడ మాల్యాద్రి గుంట గట్టుకు పది బారల దూరంలో ఇంకో దొరువు ఉంది. అత్తగారు రెబెక్కమ్మ పోయాక ఆ చివరిదాకా పోయి నీళ్ళు తెచ్చేవాళ్ళు లేక వదిలేశారు. మొగలి పొదలు కమ్మేశాయి. ముళ్ళు తప్పించుకుని దిగి, పైన తేలిన ఆకులు తోసి, దోసిలితో ముంచి నోట్లో పోసుకుంది.

తియ్యగా ఉన్నాయి.

ఇంకో దోసిలి తాగింది. అవి కూడా తియ్యగానే ఉన్నాయి. ఆమె తలెత్తి పొదల పైన కనిపించే గుంట గట్టు వంక చూసింది.

గుంటల్లో నీళ్ళు ఊటగా దిగి ఉంటే ముందు చెడాల్సింది ఇది. ఇది బాగుంది. చెడింది మోటారు పక్కనున్న దొరువు. పోయినేడు రెండెకరాలు కొత్తగా వేరుశనగ వేశారు, నారు మళ్ళు రెట్టింపు చేశారు. ఫిబ్రవరి నుంచి కరెంటు ఉన్నంతసేపూ, రోజుకు తొమ్మిది గంటలు, ఆ మోటారు ఆగలేదు. పైన తేలే తీపి నీళ్ళన్నీ లాగేశాక, కింద ఉన్నది పైకి లేచింది.

మోటారు కావాలని అడిగింది ఫ్లోరా. స్విచ్ వేసింది ఫ్లోరా.

* * *

సుశీల్ కుమార్ పెరట్లో బండి తుడుస్తున్నాడు. ఫ్లోరా వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"ఆ కాగితం ఇయ్యబాక."

"ఏ?"

"చివరి దొరువులో నీళ్ళు బాగుండాయి. తాగి చూసినా. మాల్యాద్రి గుంటల వల్ల కాదు. మన మోటారే..."

"మెల్లగా."

"మన మోటారే ఉప్పును పైకి లాగింది."

అతను గుడ్డ పిండి సీటు మీద ఆరేశాడు. తల ఎత్తకుండానే అన్నాడు. "నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"ఆదివారం సాయంత్రమే నేనూ పోయి తాగి చూసినా."

ఒకే మంచం మీద రెండు రాత్రులుగా ఇద్దరూ ఒకే సంగతి దాచుకుని పడుకుంటున్నారన్నమాట.

"తెలిసి రాసినావా?"

"మరేం రాయమంటావు? నాయనతో ఏం చెప్పేది? నీ మాట కాదని, నీతో ఎనిమిది నెలలు పలక్కుండా ఉండి మరీ వేసిన మోటారు, నీ కోడలి కోసం వేసిన మోటారు, నీ దొరువును చంపిందని చెప్పేదా? పాలెం అంతా వచ్చి ఈ వాకిట్లో నిలబడి నిన్ను అడగతా ఉంటే నేను చూస్తా ఉండేదా?"

"నన్ను కాపాడేదానికి ఇంకొకడి మీద వేసినావు."

"వాడేం పుణ్యాత్ముడా? కాలవ పాడు చేసినప్పుడు ఎవురన్నా అర్జీ రాసినారా?"

"దానికి రాసుంటే నేనే మొదటి సంతకం పెట్టేదాన్ని. అప్పుడు ఊరుకుని, చేయనిదానికి ఇప్పుడు రాస్తావా?"

"సరే!" అతను గుడ్డ విసిరికొట్టాడు. "నిజం చెబుతాం. మోటారు పీకేస్తాం. మళ్ళీ ఆ మళ్ళకు నీళ్ళు ఎవురు మోస్తారు? నువ్వు మోస్తావా? ఏదీ, చెయ్యి ఎత్తు."

ఫ్లోరా కుడి చెయ్యి ఎత్తింది. చెవి దాకా వచ్చి ఆగిపోయింది. రెండు చేతుల్లో రెండు బిందెలతో రోజుకు నూరు సార్లు దిగి ఎక్కిన భుజం అది. బరువులు మానెయ్యకపోతే ఆపరేషను చేయాల్సి వస్తుందని నెల్లూరు డాక్టరు చెప్పి రెండేళ్ళు దాటింది. మోటారు నీళ్ళు మొదటిసారి పైపులోంచి దూకిన రోజున, మామగారు ముఖం తిప్పుకుని ఇంట్లోకి పోయినా, ఆమె మాత్రం ఆ ధార కింద చేతులు పెట్టి చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు చూసే సుశీల్ కుమార్ తండ్రితో అన్నాళ్ళూ పలక్కుండా ఉండగలిగాడు.

అతను ఆ చేతిని మెల్లగా కిందికి దించాడు. రోడ్డు మీద బండి ఆగిన చప్పుడయింది.

* * *

ఆర్.ఐ. రంగనాయకులు హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, చెప్పుల్లో దూరిన ఇసుక దులుపుకుంటూ దొరువు దగ్గరికి వచ్చాడు. ఫోనుతో ఫోటోలు తీశాడు. సీసాలో నీళ్ళు పట్టించాడు. ఒక చుక్క నాలుక మీద వేసుకుని ఉమ్మేశాడు.

అప్పటికే ఖాళీ బిందెతో నాగులమ్మా, మాల్యాద్రీ వచ్చి ఉన్నారు. కోపంతో మాల్యాద్రి చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"పెద్దాయనా, ఆరేళ్ళుగా మీ గట్టు పక్కన ఉండాను. ఒక్క మాట నన్ను పిలిచి అడిగినారా? పట్టా చిరిగితే ముందు నా గుంటలో మట్టం దిగదా? వచ్చి చూడండి! దిగిందేమో చూడండి!"

"కాలవలో పీతలు చచ్చినప్పుడు కూడా ఇట్టనే అరిచినావు," అంది నాగులమ్మ.

"అది వేరేమ్మా!"

"నాకు అన్నీ నీళ్ళే నాయనా."

"ఆగండి, ఆగండి," అన్నాడు రంగనాయకులు. "అర్జీలో సంతకాలు పెట్టండి. మిగతాది ఆఫీసులో చూస్తారు. ముందు ఎవరు?"

జడ్సన్ చెయ్యి చాచలేదు. కొడుకు ముఖంలోకే చూస్తున్నాడు. సుశీల్ కుమార్ కాగితాన్ని ముందుకు తోశాడు కానీ తండ్రి కళ్ళలోకి చూడలేకపోయాడు.

"ఇట్టియ్యండి సారూ, నేను పెడతా," అంటూ నాగులమ్మ కొంగుకు చెయ్యి తుడుచుకుని పెన్ను అందుకుంది. మోకాలి మీద కాగితం పెట్టుకుని, పెదవులు బిగించి, "నా" అన్న అక్షరం దిద్దడం మొదలుపెట్టింది.

ఫ్లోరా అది చూడలేకపోయింది.

వంగి నాగులమ్మ పక్కనున్న ఖాళీ బిందె తీసుకుని నడవడం మొదలుపెట్టింది. "ఫ్లోరా!" అన్నాడు సుశీల్ కుమార్. ఆమె ఆగలేదు. ఎర్రబడిన నారు మళ్ళు దాటి, వేరుశనగ దాటి, చేను చివరికి పోయింది. మొగలి ముళ్ళు మోచేతుల్ని గీరాయి. దిగింది. ముంచింది. ఎత్తబోతే భుజంలో మెరుపు కొట్టినట్టయింది. కాలు అడ్డంగా వేసి, బిందెను తుంటి మీదికి లాక్కుని, ఒక్కో అడుగూ ఎక్కింది.

ఆమె తిరిగి వచ్చేదాకా నాగులమ్మ పెన్ను ఎత్తి పట్టుకుని అటే చూస్తూ ఉండిపోయింది.

"తాగు మామా," అంది రొప్పుతూ.

జడ్సన్ దోసిలి పట్టాడు. ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. రెండో గుక్క వెంటనే మింగలేదు, నోట్లోనే ఉంచుకున్నాడు. మింగాక, "రెబెక్కమ్మ దొరువు," అన్నాడు. ఆ మాట ఎవరికోసమూ అన్నట్టు లేదు.

"అది గుంటల పక్కనే ఉండాది. బాగుండాది," అంది ఫ్లోరా. "ఇది మోటారు పక్కన ఉండాది. చెడిపోయింది. ఈ అర్జీలో రాసింది తప్పు సార్. ఉప్పును లాగింది మా మోటారు."

మాల్యాద్రి తెరిచిన నోరు మూసుకున్నాడు. నాగులమ్మ సగం రాసిన అక్షరం వంక చూసింది.

"చెప్పినా," అన్నాడు జడ్సన్. "మోటారు వద్దని ఆ రోజే చెప్పినా. ఈ ఇసుక గుణం మీకు తెలియదని చెప్పినా."

"చెప్పినావు మామా. చెప్పినప్పుడు బిందె నీ చేతిలో లేదు."

ఆ మాట అన్నాక ఆమెకు ఇక ఆగడం సాధ్యం కాలేదు. "దొరువు తవ్వింది నువ్వే. మోసింది అత్తమ్మ. ఆమె తర్వాత నేను. ఈ నీళ్ళు తియ్యగా ఉండాలంటే రోజూ ఒక ఆడమనిషి నూరు సార్లు దిగి ఎక్కాల. నువ్వు ఆ నీళ్ళ గురించి సంఘంలో ఎన్నిసార్లు సాక్ష్యం చెప్పినావు! నా భుజం గురించి ఒక్కసారన్నా అడిగినావా?"

ముసలాయన రెండు చేతులూ తడిగా, ఖాళీగా, ఇంకా దోసిలి పట్టినట్టే ఉన్నాయి.

"నేను చేసింది ఒప్పని కాదు మామా," అంది ఫ్లోరా మెల్లగా. "తొమ్మిది గంటలు తిప్పకుండా రెండు గంటలు తిప్పి ఆపి ఉండొచ్చు. నీళ్ళు దూకతా ఉంటే ఆపబుద్ధి కాలేదు."

నాగులమ్మ పెన్నూ కాగితమూ కింద పెట్టి లేచి నిలబడింది. "ఎప్పుడు తెలిసింది నీకు?"

"మొన్న."

"మొన్న సాయంత్రం నేను వచ్చినప్పుడు?"

"తెలుసక్కా."

"నిన్న?"

"తెలుసు."

"ఈ పొద్దున, చేపలు ఇచ్చినప్పుడు?"

ఫ్లోరా తల వంచుకుంది. నాగులమ్మ తిడుతుందేమోనని ఎదురుచూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

నాగులమ్మ బిందె తీసుకుని తుంటికి ఎత్తుకుంది. "పసిబిడ్డ ఉండాది కాబట్టి తీసుకుపోతా ఉండా," అంది. "నువ్వు తెచ్చినావని కాదు."

"అక్కా..."

"అక్కా అనబాక."

సుశీల్ కుమార్ వంగి కాగితం తీసుకున్నాడు, చించెయ్యడానికి. నాగులమ్మ అటు తిరిగింది. "దాన్ని చించితే ఊరుకోను. నీళ్ళు చెడింది నిజమే గదా? సారూ, ఆ పేరు కొట్టేసి వెనకపక్క రాయండి. రేపు ఆ చివరిది కూడా ఉప్పయితే మా పాలెం యాడికి పోవాల?"

"ఎవరి మీద రాయమంటారమ్మా?"

నాగులమ్మ ఫ్లోరా వైపు చూసింది. పేరు మాత్రం పలకలేదు.

"నా పేరు రాయండి సార్," అంది ఫ్లోరా.

"బోరు నా పేరు మీద ఉండాది," అన్నాడు సుశీల్ కుమార్ అడ్డం వచ్చి. "కరెంటు సర్వీసు కూడా నాదే. రాస్తే నా పేరు రాయండి."

"అడిగింది నేను. తిప్పింది నేను. ఫ్లోరా, భర్త సుశీల్ కుమార్. అట్టనే రాయండి."

రంగనాయకులు హెల్మెట్ మీద కాగితం తిప్పి పెట్టుకుని రాశాడు. ఆమె అక్షరాల వంక చూస్తూ నిలబడింది. పేరుకు ముందు అతను ఒకటి అంకె వేసి చుక్క పెట్టాడు.

"ఒకటి ఎందుకు సార్?"

"ఒక్క మోటారుకే ఇంత ఇసుక దిబ్బ చెడిపోతుందా అమ్మా?" అన్నాడతను. పెన్ను కింది గీతకు దించాడు. "ఈ ఇసుక మీద ఇంకెవరికి ఉన్నాయి?"

ఎండాకాలంలో రొయ్యల గుంటల్లో ఉప్పు పెరిగితే మంచినీళ్ళు తోడి కలపడానికి మాల్యాద్రి వేసిన రెండు బోర్లు ఆ గట్టు వెనకే ఉన్నాయి. అతను చెప్పు కొసతో ఇసుక గీకుతూ, ఫోను తీసి చూసుకున్నాడు. నాగులమ్మ బిందెతో రెండడుగులు వేసినదల్లా ఆగింది.

"చెప్పండమ్మా. రెండు?"

ఫ్లోరా ఎవరి వైపూ చూడకూడదనుకుంది. కానీ ఆమె కళ్ళు తమంతట తామే ఉత్తరం వైపు పోయాయి. అక్కడ సంఘానికి చెందిన కొబ్బరితోట. పోయిన ఈస్టరుకు ముందు అందులో కొత్త మోటారు బిగించారు. కమిటీ తీర్మానం మీద మొదటి సంతకం సంఘపెద్దగా మామగారిది.

ఆమె చూపు ఎక్కడ ఆగిందో జడ్సన్ చూశాడు.